తెలుగు బైబిలులో ద్రాక్షారసము, మద్యము: ఒక పదభేద విమర్శ

క్రైస్తవుడు మద్యమును ముట్టవచ్చునా, ముట్టరాదా యను చర్చ మతశాస్త్రజ్ఞులకు సంబంధించినదనియు, సాహిత్య విమర్శకునకు దానియందు జోక్యము తగదనియు కొందరు తలంపవచ్చును. మా యభిప్రాయము వేరు. మన దేశమున ఈ చర్చ హెబ్రీ గ్రీకు పదములమీద జరుగలేదు. తెలుగు పదములమీద జరిగినది. పరిశుద్ధ గ్రంథమును తెలుగున చదివి, తెలుగున విని, తెలుగు మాటల యర్థమునుబట్టియే మన పల్లెలలోని క్రైస్తవులు ఇది కూడును, ఇది కూడదు అని నిర్ణయించుకొనిరి. కనుక ఆ మాటల యెన్నిక యెట్టిదో, దానివలన మూలార్థము ఎంత నిలిచినదో, ఎంత జారినదో పరిశీలించుట తెలుగు శాఖవారి పనియే యగును.

మాకీ యాలోచన కలిగినది గ్రంథాలయమున గాదు, హసన్‌పర్తిలో. వరంగల్లు నుండి కరీంనగరమునకు పోవు దారిలో, హనుమకొండకు కొలది దూరముననున్న ఈ యూర ఒక యింట జరిగిన ప్రార్థనకూటమునకు మేము ఒక మిత్రునితో పోయియుంటిమి. ఆనాటి పాఠము యోహాను సువార్త రెండవ యధ్యాయము. కానా యను నూరి పెండ్లి, నీరు ద్రాక్షారసమగుట. చదువుట ముగియగానే వెనుక కూర్చున్న వృద్ధురాలొకతె, "అయ్యగారూ, గది పొద్దుగాల్ల కల్లసొంటిదా, పొద్దుమీకి కల్లసొంటిదా?" అని యడిగినది. కొందరు నవ్విరి. అయ్యగారు నవ్వలేదు. "ద్రాక్షపండ్ల రసమమ్మా" అని చెప్పి ప్రసంగములోనికి సాగిపోయెను. ఆమె మరల అడుగలేదు. ఆమె పెద్దకొడుకు త్రాగుడువలననే పోయెనని తిరిగి వచ్చునప్పుడు మిత్రుడు మాకు చెప్పెను.

ఆ సమాధానము ఆమెకు చాలినదో లేదో కాని, మాకు చాలలేదు. తెల్లవారకమునుపు తాటిచెట్టునుండి దించిన నీరు తీయగా నుండుననియు, ఎండ యెక్కినకొలది అది నురుగెత్తి పులిసి మత్తు కలిగించుననియు పుట్టిననాటినుండి ఎరిగిన మనిషి అడిగిన ప్రశ్న అది. పాశ్చాత్య పండితులు గ్రంథములకు గ్రంథములు వ్రాసి వాదించుకొనిన విషయమును ఆమె ఒక్క వాక్యమున ముందుపెట్టినది.

ఇక పదములను చూతము. ప్రొటెస్టంటు సంఘములలో విస్తారముగా చదువబడుచున్న బైబిలు సొసైటీవారి పాత అనువాదమునే మేమిక్కడ ఆధారముగా గొనుచున్నాము. ఈ యనువాదకులు ప్రధానముగా రెండు పదములతో పని నడపిరి. ఒకటి ద్రాక్షారసము, రెండవది మద్యము. పాతనిబంధనలో వీని పంపకము ప్రాయికముగా మూలమును అనుసరించినదే. హెబ్రీ భాషలో 'యాయిన్' అనగా ద్రాక్షలనుండి చేసిన పానీయము. 'షేకార్' అనగా ధాన్యము, ఖర్జూరము మొదలగువానినుండి చేసిన తక్కిన మత్తుపానీయములు. మొదటిది ద్రాక్షారసమైనది, రెండవది మద్యమైనది. యాజకులు గుడారములో ప్రవేశించునప్పుడు వర్జింపవలసినవిగా లేవీయకాండము రెంటిని చెప్పినది. రాజునకు రెండును తగవని సామెతల గ్రంథము ముప్పదియొకటవ యధ్యాయము చెప్పి, ఆ వెంటనే మరణావస్థలో నున్నవానికి ఒకటి, మనోవ్యాకులము గలవానికి ఒకటి ఇమ్మన్నది. నోవహు త్రాగి మత్తిల్లినది ద్రాక్షారసమే. కీర్తనకారుడు నరుల హృదయమును సంతోషపెట్టునదిగా నూనెతోను రొట్టెతోను కలిపి పేర్కొన్నదియు ద్రాక్షారసమే. అనగా పాతనిబంధనలో ద్రాక్షారసము మంచిదియు నగును, చెడ్డదియు నగును. ఆ పదమునకు అక్కడ నైతికమైన రంగేమియు లేదు.

క్రొత్తనిబంధనలో సంగతి మారినది. గ్రీకున 'ఓయినోస్' అను నొక్క పదము అన్ని తావులను వచ్చుచుండగా, తెలుగున అది రెండుగా చీలినది. కానా పెండ్లిలో అది ద్రాక్షారసము. గాయపడినవానికి సమరయుడు నూనెతో కలిపి పోసినది ద్రాక్షారసము. కడుపుజబ్బునకై కొంచెము పుచ్చుకొమ్మని పౌలు తిమోతికి వ్రాసినది ద్రాక్షారసము. కాని ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక యైదవ యధ్యాయములో, దేనిచేత మత్తులు కారాదని పౌలు హెచ్చరించెనో అది తెలుగున మద్యమైనది. గ్రీకున అదియు ఓయినోసే! ప్రకటన గ్రంథములో ఈ చీలిక ఇంకను స్పష్టము. నూనెతోపాటు సరకుగా లెక్కింపబడినప్పుడు ఓయినోస్ ద్రాక్షారసము. మహాబబులోను జనములకు త్రాగించినప్పుడు అదే ఓయినోస్ మద్యము. పెంతెకొస్తునాడు శిష్యులను అపహసించినవారు వాడిన 'గ్లెయూకోస్' అను మాటకు తీపి గల క్రొత్తరసమని యర్థము. రసమను పేరునకు తక్కిన అన్నిటికంటె ఎక్కువ తగిన ఆ పదమునే మనవారు క్రొత్త మద్యముగా మార్చిరి. అక్కడ నున్నది నింద గదా, కనుక మద్యము కావలసివచ్చినది.

కాబట్టి క్రొత్తనిబంధనలో పదమును నిర్ణయించినది సీసాలోని ద్రవము కాదు, త్రాగువాని నడత. సత్పురుషుడు త్రాగిన ద్రాక్షారసము, దుష్టుడు త్రాగిన మద్యము. ఇది అనువాదము మాత్రమే కాదు, వ్యాఖ్యానము కూడ.

ఈ వ్యాఖ్యానము ఒకచోట మూలముయొక్క పదునును మొద్దుబార్చినదని మా యభిప్రాయము. లూకా సువార్త యేడవ యధ్యాయములో యేసు తన్నుగూర్చి లోకులు పలుకు నిందను తానే చెప్పుచున్నాడు. యోహాను ద్రాక్షారసము త్రాగనివాడై వచ్చెను, అతనికి దయ్యము పట్టినదనిరి. తాను తినుచు త్రాగుచు వచ్చెను, తన్ను మద్యపాని యనిరి. ఇచట గ్రీకున 'ఓయినోస్', 'ఓయినోపోతేస్' అను రెండు మాటలు ఒక్క కొమ్మ రెమ్మలు. యోహాను ఏది మానెనో దానినే ఈయన త్రాగెనన్నది నిందలోని కీలకము. తెలుగు పాఠకుని చెవికి ఆ బంధుత్వము వినబడదు. ద్రాక్షారసము మానినవాడొకడు, మద్యపాని యనిపించుకొనినవాడొకడు. రెంటికిని నడుమ పొంతన లేక, రెండవ నింద కేవలము అబద్ధారోపణముగా తోచును. మూలములో అది అబద్ధమునకును సత్యమునకును నడుమ నున్నది. ఆయన త్రాగుబోతు కాడు. ఆయన త్రాగినమాట నిజము. ఆ సున్నితమైన స్థానమునుండి ఆయనను తొలగించి తెలుగువారు ఆయన గౌరవమును కాపాడిరి. కాని ఆ గౌరవమును ఆయన కోరినట్లు ఆ యధ్యాయములో కనబడదు.

అమెరికాలో ఇదే వాదము బహిరంగముగా జరిగినది. పందొమ్మిదవ శతాబ్దిలో మద్యపాన నిరోధోద్యమము ప్రబలినప్పుడు, బైబిలు పొగడిన ద్రాక్షారసము పులియనిదనియు, బైబిలు తెగడినది పులిసినదనియు ఒక పక్షమువారు వాదించిరి. విలియం పాటన్ 1871లో దీనికొరకే ఒక గ్రంథము ప్రకటించెను. అంతకు రెండేండ్లు ముందు, 1869లో, న్యూజెర్సీలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు దంతవైద్యుడు ద్రాక్షరసమును వేడిచేసి పులియకుండ సీసాలలో నిలువచేయు పద్ధతిని ప్రభువు బల్లకొరకు కనుగొనెను. 1874లో స్త్రీల క్రైస్తవ మద్యనిరోధ సంఘము పుట్టినది. 1920 నుండి 1933 వరకు ఆ దేశమంతట నిషేధము రాజ్యాంగ శాసనమై నిలిచినది. హనుమకొండలో 1879లో స్థావరమేర్పరచిన అమెరికను బాప్తిస్టు మిషనరీలు ఈ గాలిలో పెరిగినవారే. అయితే రెండు ద్రాక్షారసముల సిద్ధాంతమును నిలుపుటకు అమెరికావారు గ్రంథములు వ్రాయవలసివచ్చినది. తెలుగువారికి ఆ శ్రమ లేకపోయెను. సిద్ధాంతము అనువాదములోనే, పదములు రెండు కావడములోనే, ముందుగా కూర్చుండియున్నది. వాదము లేకుండ లభించిన సిద్ధాంతమును ఎవరును పరీక్షింపరు. మనదేశమునను అట్లే జరిగినది.

అనువాదకులు మోసగించిరని మేమనుట లేదు. అట్లనువారు వారి యనువాదమును పూర్తిగా చదువనివారు. కానా పెండ్లిలోనే చూడుడు. విందు ప్రధాని పెండ్లికుమారునితో లోకరీతిని చెప్పునప్పుడు, మొదట మంచిది పోసి అతిథులు మత్తుగా నున్నప్పుడు నాసిది పోయుదురన్న మాటను వారు దాచలేదు. ఆ నాసిదానికి 'జబ్బురసము' అను చక్కని దేశీయమైన మాటను గూడ కూర్చిరి. రాతిబానల కొలతకు 'తూము'ను వాడి, గలిలయలోని పెండ్లివాకిటిని మన ధాన్యపు కల్లముప్రక్కకు తెచ్చిరి. గ్రీకున ఆ కొలత ఒక్కొక్కటి సుమారు 39 లీటర్లు. ఆరు బానలు, ఒక్కొక్కటి రెండు మూడు కొలతలు. మొత్తము దాదాపు 470 నుండి 700 లీటర్ల వరకు వచ్చును. ఇంత రసము పండ్లరసమే యైనచో మత్తుమాట అక్కడికేల వచ్చినది? పాత తిత్తులలో క్రొత్తరసము పోయరాదన్న ఉపమానమునందును అంతే. పులియనిచో తిత్తి పిగులదు. ఈ యుపమానమును హసన్‌పర్తిలో ఎవరికిని వివరింపనక్కరలేదు. లొట్టి మూతిమీదికి పొంగివచ్చు నురుగును చూచినవారందరికిని అది తెలిసినదే. వెల్చ్ పద్ధతి రాకమునుపు ఉష్ణదేశములలో పిండిన రసము తీయగా నిలుచునది కొన్ని గంటలే యన్న రసాయనసత్యము, మన కల్లుగీత కార్మికునకు ప్రతిదినానుభవము. వృద్ధురాలి ప్రశ్నకు జవాబు అనువాదములోనే యున్నది. పదము మాత్రము దానిని కప్పినది.

మరి ఆ పదమే ఎందుకు? తెలుగునాట ద్రాక్షతో మత్తుపానీయము చేయు నలవాటు లేదు. లేని వస్తువునకు పేరుండదు. ఉన్నవి కల్లు, సారాయి. కావ్యభాషలో సుర, మధువు, ఆసవము. కల్లు అన్నచో ప్రభువు బల్లమీద తాటిచెట్టు నిలిచును. సుర అన్నచో మరింత చిక్కు. సురాపానము పంచమహాపాతకములలో నొకటి. కచుని కథలో శుక్రాచార్యుడు బ్రాహ్మణులకు దానిని నిషేధించిన ఘట్టమును ఆదిపర్వమున నన్నయ్య తెలిగించెను. మద్యమను మాటకును మద మను ధాతువువలన ఆ వాసనయే పట్టినది. విశాఖపట్టణమున దేగ్రాంజి చేసి, 1812లో శ్రీరామపురమున అచ్చైన తొలి సువార్తల యనువాదమునకు ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుడు తోడ్పడెను. తరువాతి సవరణలు పెక్కులు గనుక నేటి పదములకు అతనినే బాధ్యుని చేయరాదు. కాని మొదటినుండియు ఈ యనువాదముమీద సంస్కృత పండితుల చేయి యున్నదనుట స్పష్టము. ధర్మశాస్త్రములు చదివిన చేతికి, యేసు చేసిన పానీయమును మద్యమనుటకు మనసొప్పకుండుట సహజమని మా యూహ.

అర్థమునకు సరిపడు పదము లేకపోలేదు. వైద్యశాస్త్రమున ద్రాక్షాసవము, ద్రాక్షారిష్టము కలవు, అవి పులియబెట్టినవే. ద్రాక్షాసవమని వ్రాసియున్నచో యాయినునకును ఓయినోసునకును సూటియైన తెలుగుమాట యయ్యెడిది. అయితే అది వైద్యుని సీసావాసన వేయును; పామరునకు తెలియదు. ఇట్టి చిక్కులలో అనువాదకుడు ఏది యెన్నుకొనినను కొంత పోవును. ఒకచోట వారు ఉర్దూ సిర్కాను గుర్తుకు తెచ్చు 'చిరక' అను మాటను పుల్లనిరసమునకు నిర్భయముగా వాడిరి. సిలువయొద్ద ఆ మాట ఎంత చేదుగా, ఎంత నిజముగా వినబడునో చదివినవారెరుగుదురు. ద్రాక్షారసమునకు అట్టి ధైర్యము చాలలేదు.

పదములనుండి మనుష్యులయొద్దకు వత్తము. తెలుగు క్రైస్తవులు మొదటినుండియు మద్యమును మహాపాపముగా నెంచిరనుట చరిత్రకు సరిపడదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, మాదిగపల్లెలలోని క్రొత్త క్రైస్తవులకు పెట్టిన ముఖ్యనియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. త్రాగుడు ఆ మూటిలో లేదు. ఇది మరచుటవలన జరిగినదని మేమనుకొనము. పల్లెలో కల్లు ఆహారముతోపాటిది, శ్రమకు కూలితోపాటిది. అయితే మూడవ నియమములోనే అది దాగియున్నది. ఎల్లమ్మకును మైసమ్మకును సాకపోయునది కల్లే గదా. కొలుపులో భాగము పుచ్చుకొననివాడు సాకకల్లునుగూడ విడువవలెను. కనుక మన పల్లెక్రైస్తవుడు కల్లు మానుటకు తొలికారణము ఆరోగ్యము కాదు, నీతియు కాదు, దేవత. కొరింథులోని విగ్రహార్పిత మాంసపు సమస్యకు ఇది సోదరి. అమెరికా వాదములు దీనికి పైమెరుగుగా తరువాత వచ్చినవి.

1912లో డోర్నకలునకు బిషప్పైన అజరయ్య కాలమునకు చూపు మారినది. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగింటిని ఆయన పల్లెజనుల శత్రువులుగా చెప్పెను. ఈ పట్టికలో త్రాగుడు అప్పుప్రక్కన కూర్చున్నది. ఇది మిషనరీ పుస్తకములలో కానరాని, పల్లెను కన్నులార చూచినవాని కూర్పు. త్రాగుడు మానిన కుటుంబము అప్పునుండియు, దానివెంట వెట్టినుండియు, దానివెంట నున్న అవమానమునుండియు కొంత బయటపడినది. దళితులకు మద్యవర్జనము ఆత్మగౌరవమైన చరిత్ర ఇది. ఆ గౌరవము పైకులములవారి ఆచారమునకు అనుకరణమే యని తీసివేయువారితో మేమేకీభవింపము. అయితే దాని నీడ కూడ కలదు. త్రాగువానిని సంఘము రోగిగా గాక పతితునిగా చూచుట ఆ నీడలోనిదే. హసన్‌పర్తి వృద్ధురాలి ప్రశ్నకు కొందరు నవ్వుటయు ఆ నీడలోనిదే.

రాజ్యమును ఈ విషయమున తడబడినదే. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గము ఆంధ్రరాష్ట్రమున పడిపోయినది మద్యనిషేధపు చర్చమీదనే. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందములో తెలంగాణమున నిషేధము ఎట్లమలు కావలెనో ఆ ప్రాంతపు శాసనసభ్యులే నిర్ణయింపవలెనని ఒక నిబంధన ప్రత్యేకముగా చేరినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. 1993లో సారాయి, 1995లో సమస్తమద్యము నిషేధింపబడి, 1997లో ఆ నిషేధము సడలినది. ఈ కథలో సాహిత్య విద్యార్థి గమనింపదగినది ఒకటున్నది. దూబగుంటలో నిప్పు రాజినది అక్షరాస్యతా తరగతిలో చదివిన ఒక చిన్న పాఠముతో. ఆ పాఠములో సారాయిని సారాయి యనియే వ్రాసిరి.

ఇక మిగిలినది రోమీయులకు వ్రాసిన పత్రిక పదునాలుగవ యధ్యాయము. సహోదరునకు అడ్డమగునేని మాంసమును ద్రాక్షారసమును గూడ మానుట మంచిదని పౌలు చెప్పినచోట అనువాదకులు ద్రాక్షారసమనియే ఉంచిరి. ఇచట వారిది సరియైన యెన్నికయని మేము మెచ్చుకొనుచున్నాము. నిందలేని వస్తువును నిందలేని పేరుతోనే చెప్పి, దానిని మానుమనుటలోనే ఆ వాక్యపు బలమున్నది. దానిని మద్యమని వ్రాసియున్నచో, చెడ్డదానిని మానుమనుటలో విశేషమేమి? సంపూర్ణవర్జనమును బోధించు మన సంఘములకు బైబిలున గట్టి యాధారము ఇదియే కాని, కానాలోని రసము పులియనిదను వాదము కాదు. త్రాగుడు వస్తుతః పాపమని చెప్పుటకు గ్రంథము సహకరింపదు. పక్కింటి తల్లి కొడుకును పోగొట్టుకొన్నది గనుక నేను ముట్టననుటకు గ్రంథము సంపూర్ణముగా సహకరించును. మొదటిదానికి అనువాదపు ముసుగు కావలెను, రెండవదానికి అక్కరలేదు.

దీనివెంట ఒక కఠినమైన ప్రశ్న వచ్చును. తాళ్లెక్కి బ్రదుకు గౌడకుటుంబమువాడు క్రైస్తవుడైనచో మోకును ముస్తాదును వదలవలెనా? అమెరికను బాప్తిస్టు సంఘములలో వ్యాపించిన పందొమ్మిదవ శతాబ్దపు నిబంధనపత్రములు త్రాగుటనే గాక అమ్ముటనుగూడ వర్జింపుమన్నవి. కాని అవి వ్రాసినవారికి సారాకొట్టు తెలియునుగాని, చెట్టుమీదినుండి జారిపడి నడుము విరిగిన గీతగాడు తెలియడు. రోమీయుల పత్రిక త్రాగువానిగూర్చి చెప్పినది, గీచువానిగూర్చి చెప్పలేదు. మన తెలుగు ప్రసంగసాహిత్యము ఈ ప్రశ్నను తాకవలసియున్నది.

హనుమకొండ ప్రాంతమున నేడు ఒకే పదము రెండు వస్తువులను మోయుచున్నది. ప్రొటెస్టంటు సంఘములు పెక్కింట బల్లమీద నుండునది నానబెట్టి మరిగించిన ఎండుద్రాక్ష నీరో, తీపిరసమో. 1952లో వరంగల్లు మేత్రాసనముగా ఏర్పడిన కతోలిక సంఘమున, చర్చి శాసనము ననుసరించి, అది చెడని, సహజమైన, పులిసిన ద్రాక్షపానీయమే కావలెను. పేరు మాత్రము ఇరువురకును ద్రాక్షారసమే. రోడ్డుప్రక్క 'వైన్స్' అను పలక వ్రేలాడు దుకాణమున బ్రాందీ విస్కీలు దొరకును, ఆ పలకకును కానా పెండ్లికిని సంబంధమున్నదని ఎవరికిని తోపదు. తోపకుండ చేసినది మన అనువాదము.

ముందు సవరణకు పూనుకొనువారికి మాదొక సూచన కలదు. బల్లవిషయమున వచ్చు వాక్యములలో గ్రీకున ఓయినోస్ లేదు. ద్రాక్షవల్లి ఫలమను మాటయే యున్నది. అచట ద్రాక్షారసమును కదలింపనక్కరలేదు. కానాలోను, ఎఫెసీయుల పత్రికలోను, ప్రకటనలోను ఒకే మాటయుండవలెను. ఏ మాట యని యడుగుదురేమో. 'పులిసిన ద్రాక్షారసము' మాకు తోచినది. మా మిత్రునితో ఈ మాట చెప్పగా ఆయన కొంత సేపు ఊరకుండి, హసన్‌పర్తిలో దానిని బిగ్గరగా చదువుటకు తనకు ధైర్యము చాలదనెను. ఆ వృద్ధురాలికి మాత్రము చదివి వినిపింపగలనని చెప్పెను.